ఒడ్డు మీద ఎన్ని గంటలు? చరిత్ర కోసం ఓడెక్కే బృందాలకు

క్రూయిజ్ బ్రోషర్ చేతికి రాగానే ఎవరైనా ముందు చూసేది కేబిన్ ఫొటోలు, స్విమ్మింగ్ పూల్, భోజనాల హాలు. నేను తిన్నగా వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉండే టైమ్ టేబుల్ దగ్గరికి పోతాను. ఏ రేవుకు ఎన్నింటికి చేరుతుంది, ఎన్నింటికి కదులుతుంది అన్నవి అక్కడ ఉంటాయి. చరిత్ర చూసి నేర్చుకుందామని బయల్దేరే బృందానికి ఆ రెండు అంకెల మధ్య ఉన్నదే అసలు సరుకు. ఓడ ఎంత బాగున్నా అది మిమ్మల్ని మోసుకెళ్లే బండి. పాఠమంతా ఒడ్డు మీదే.

చరిత్ర టీచరుగా చేసి రిటైరయ్యాను. పాత సహోద్యోగులు, వాళ్ల పిల్లలు, స్నేహితులు కలిసి ఇలాంటి ప్రయాణాలు కడుతుంటాం. "మేమూ వెళ్దామనుకుంటున్నాం టీచర్ గారూ, ఎక్కడ మొదలెట్టాలి?" అని అడిగేవాళ్లకు నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

టైమ్ టేబుల్ చదవడం

"ఉదయం 7 – సాయంత్రం 6" అని కనిపిస్తే పదకొండు గంటలు దొరికాయనుకుంటారు. లెక్క వేయండి. ఓడ రేవుకు ఆనుకున్నాక కాగితాల తంతు ముగిసి జనాన్ని దింపేసరికి అరగంటో గంటో పోతుంది. కదిలే టైముకు కనీసం అరగంట ముందే అందరూ ఎక్కేసి ఉండాలి. రానూ పోనూ బస్సు, మధ్యలో భోజనం, టికెట్ల దగ్గర వరస తీసేశాక మిగిలిందే మీది.

ఇక్కడ రేవు పేరు చూసుకోవడం ముఖ్యం. పట్టికలో "రోమ్" అని పెద్దక్షరాల్లో ఉంటుంది కానీ ఓడ ఆగేది చివిటవెక్కియాలో. అక్కణ్ణించి రోముకు 70, 80 కిలోమీటర్లు. "ఫ్లోరెన్స్" అంటే లివోర్నో రేవు, అక్కడా అదే కథ. "కైరో, పిరమిడ్లు" అని రాసినచోట ఓడ అలెగ్జాండ్రియాలో ఆగిందంటే వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి మూడు గంటలు బస్సులోనే గడుస్తాయి. పిరమిడ్ల ముందు ఫొటో దిగి, అదే కాలితో బస్సెక్కాలి.

నన్నడిగితే అలెగ్జాండ్రియాలో దిగినవాళ్లు అలెగ్జాండ్రియానే చూడాలి. కోమ్ ఎల్ షొకాఫా అనే భూగర్భ సమాధుల్లో ఈజిప్టు దేవుడు అనూబిస్ రోమన్ సైనికుడి దుస్తుల్లో నిలబడి ఉంటాడు. నక్క తల, ఒంటి మీద రోమన్ కవచం. ఈజిప్టు, గ్రీకు, రోమన్ లోకాలు ఒకే ఊళ్లో ఎలా కలిసిపోయాయో చెప్పడానికి ఆ ఒక్క బొమ్మ చాలు. ఫారోస్ దీపస్తంభం ఒకప్పుడు నిలిచిన చోట 15వ శతాబ్దంలో కట్టిన కయిత్‌బే కోట ఉంది. 2002లో తెరిచిన కొత్త గ్రంథాలయమూ ఆ ఊళ్లోనే. పిరమిడ్లకు వేరే ప్రయాణం పెట్టుకోండి. అవి ఎక్కడికీ పోవు.

దీనికి పూర్తి విరుద్ధంగా, ఓడ దిగితే చాలు చరిత్రలో కాలు పెట్టినట్టుండే రేవులున్నాయి. మాల్టాలోని వలెట్టాలో ఓడ నేరుగా కోటగోడల కిందే ఆగుతుంది. 1565లో తుర్కుల ముట్టడి తర్వాత, మరుసటి ఏడు పునాది వేసిన నగరం అది. అక్కడి సెయింట్ జాన్స్ చర్చిలో ఇటలీ చిత్రకారుడు కరవజ్జియో 1608లో వేసిన పెద్ద చిత్రం ఉంది. ఆయన సంతకం ఉన్న చిత్రం అదొక్కటే, ఆ సంతకం కూడా చిత్రంలో కారిన రక్తపు మడుగులో పెట్టాడు. గ్రీకు దీవి రోడ్స్ రేవు నుంచి మధ్యయుగపు నగరంలోకి నడిచి వెళ్లవచ్చు. ఏథెన్స్ రేవు పైరేయస్ నుంచి అక్రోపోలిస్ సుమారు పది కిలోమీటర్లు. గ్రీసులోని ఒలింపియాకు దగ్గరి రేవు కటకోలో, టర్కీలోని ప్రాచీన నగరం ఎఫెసస్‌కు కుషదసి. రెండూ గంటలోపు ప్రయాణమే. ఒక ప్రయాణంలో దూరపు రేవులు రెండు మించితే నేనైతే ఆ ఓడ జోలికి పోను.

రోజుకో రేవు పెట్టిన పట్టికకూ మోసపోకండి. మూడో రోజుకే ఏ స్తంభం ఏ ఊళ్లో చూశామో కలగాపులగమైపోతుంది. మధ్యలో ఒక్కరోజైనా సముద్రం మీద ఖాళీగా ఉండాలి. చదువుకోవడానికి, చూసినవి నెమరేసుకోవడానికి.

పెద్ద ఓడా, చిన్న ఓడా

చిన్నదే. డబ్బు ఎక్కువవుతుంది, నిజమే. కానీ వేలమంది ఎక్కే ఓడ నుంచి ఒకేసారి జనం దిగితే చిన్న ఊరు తట్టుకోలేదు, మీకూ ఏమీ కనబడదు. వెనిస్‌లో 2021 ఆగస్టు నుంచి 25,000 టన్నులు దాటిన ఓడల్ని సెయింట్ మార్క్ కూడలి ముందరి కాలువలోకి రానివ్వడం లేదు. పెద్ద ఓడలు వేరే రేవుల్లో ఆగుతాయి. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ కూడా రోజుకు వచ్చే ఓడలకు పరిమితి పెట్టుకుంది. గ్రీకు దీవి శాంటొరినీలో పెద్ద ఓడ నడిసముద్రంలోనే ఆగుతుంది. చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చి, అక్కణ్ణించి కేబుల్ కారు కోసం వరసలో నిలబెడతారు. ఆ వరసలో కరిగిపోయే గంటలు బ్రోషర్‌లో కనబడవు.

చిన్న ఓడకు ఇంకో లాభం: పెద్దవి దూరలేని దారులు. గ్రీసులో కొరింత్ కాలువ పొడవు ఆరు కిలోమీటర్ల పైచిలుకు, నీటిమట్టం దగ్గర వెడల్పు 25 మీటర్లలోపే. క్రీ.శ. 67లో నీరో చక్రవర్తి తవ్వకం మొదలుపెట్టించాడు, పూర్తయింది 1893లో. రెండు పక్కలా నిటారుగా రాతిగోడలు, డెక్ మీద నిలబడితే చెయ్యి చాస్తే తగులుతాయేమో అన్నట్టుంటుంది. కొండచరియలు విరిగిపడి ఈ కాలువ మధ్యమధ్య మూతపడుతూ ఉంటుంది. మీ తేదీలకు తెరిచి ఉంటుందా అని రాతపూర్వకంగా అడగండి.

నైలు మీద కూడా ఇదే తేడా. లక్సర్, అస్వాన్ మధ్య తిరిగే మామూలు క్రూయిజ్ ఓడలు అన్నీ ఒకే వేళకు ఒకే గుడి దగ్గర ఆగుతాయి. దహబియా అనే తెరచాప పడవలు వేరు. ఎక్కువగా పది కేబిన్ల లోపే ఉంటాయి, పెద్దవి ఆగని చోట ఆగుతాయి. గెబెల్ ఎల్ సిల్సిలా ఇసుకరాయి గనులు అలాంటి చోటే. లక్సర్‌లోని కర్నాక్ లాంటి గుళ్లకు రాయి అక్కణ్ణించే వెళ్లింది. కొండను నిలువునా కోసిన గోడల మీద ఉలి గాట్లు ఇప్పటికీ వరసలు వరసలుగా కనిపిస్తాయి. గుడి చూశాక ఆ గని చూడటం నాకు చాలా ఇష్టం. పిల్లలకైతే గుడికన్నా గనే ఎక్కువ నచ్చుతుంది. ఎక్కవచ్చు, దూకవచ్చు, గాటులో వేలు పెట్టి చూడవచ్చు.

ఇంకో ముచ్చట. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, గాలి మాత్రం ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది. అందుకే ఎగువకు పోవాలంటే తెరచాప ఎత్తుతారు, దిగువకు రావాలంటే చాప దించి ప్రవాహానికి వదిలేస్తారు. ప్రాచీన ఈజిప్టు లిపిలో "దక్షిణానికి పోవడం" అనే మాట పక్కన చాప ఎత్తిన పడవ బొమ్మ, "ఉత్తరానికి పోవడం" పక్కన చాప లేని పడవ బొమ్మ వేసేవాళ్లు. దహబియా డెక్ మీద కూర్చుని, తలపైన చాప ఉబ్బుతుంటే ఈ సంగతి చెప్పండి. వేరే పాఠం అక్కర్లేదు.

పాఠం చెప్పేదెవరు?

"నిపుణుల ఉపన్యాసాలు ఉంటాయి" అన్న ఒక్క వాక్యం చూసి డబ్బు కట్టకండి. ఎవరు, ఏ విషయం మీద పనిచేసినవాళ్లు, ప్రయాణంలో ఎన్నిసార్లు మాట్లాడతారు, రేవులో దిగి మీతో నడుస్తారా లేక ఓడలోనే ఉండిపోతారా? ఈ నాలుగూ అడగండి. జవాబు నీళ్లు నములుతూ వచ్చిందంటే అక్కడ ఉపన్యాసకుడు లేడు, మైకు పట్టుకున్న వినోద కార్యక్రమాల మనిషి ఉన్నాడు.

ఈ పద్ధతికి మంచి వంశమే ఉంది. 1950ల్లో బ్రిటన్‌లో స్వాన్ హెలెనిక్ సంస్థ గ్రీకు దీవుల చుట్టూ పండితులతో కూడిన ఓడ ప్రయాణాలు మొదలుపెట్టింది. అందులో మాట్లాడినవాళ్లలో ముఖ్యుడు మార్టిమర్ వీలర్. 1944 నుంచి 1948 దాకా భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా ఉండి అరికమేడులో రోమన్ వర్తకపు ఆనవాళ్లు తవ్వితీసిన వీలరే ఈయన. బడిపిల్లల కోసమే నడిచిన ఓడలూ ఉండేవి. ఉగాండా అనే ఓడ 1968 నుంచి పిల్లల్ని వందల సంఖ్యలో డార్మిటరీల్లో పడుకోబెట్టి, క్లాసులు చెబుతూ మధ్యధరా చుట్టూ తిప్పింది. 1982 ఏప్రిల్‌లో అలాంటి ప్రయాణంలో ఉండగానే ఫాక్లండ్స్ యుద్ధం కోసం దాన్ని ఆసుపత్రి ఓడగా తీసుకున్నారు. పిల్లల్ని నేపుల్స్‌లో దించేశారు.

తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటుంది. గ్రీసు, ఇటలీ, టర్కీ, ఈజిప్టు దేశాల్లో చారిత్రక స్థలాల దగ్గర బృందానికి వివరించే పని అక్కడి లైసెన్సు ఉన్న గైడుదే. మీ ఉపన్యాసకుడు ఎంత పండితుడైనా అక్కడ గొంతెత్తి పాఠం చెప్పడం కుదరకపోవచ్చు. కాబట్టి వివరంగా చెప్పాల్సింది ముందురోజు రాత్రి ఓడలోనే అయిపోవాలి. గైడుకు ముందే ఒక ఉత్తరం పంపండి: మా బృందం ఏం చదువుకుని వస్తోంది, ఏ రెండు మూడు చోట్ల ఎక్కువసేపు ఆగాలనుకుంటోంది, ఏవి వదిలేసినా పర్లేదు. చాలామంది గైడ్లు ఇలాంటి ఉత్తరం చూసి ఎగిరి గంతేస్తారు. రోజూ అవే జోకులు చెప్పి వాళ్లకూ విసుగే కదా.

లక్సర్ దగ్గర రాజుల లోయలో ఇంకో పద్ధతి. అక్కడ గైడు సమాధి బయటే బొమ్మలు చూపించి వివరిస్తాడు, లోపలికి మనమే వెళ్లాలి. మామూలు టికెట్టు మీద మూడు సమాధులు చూడనిస్తారు. టుటన్‌ఖామున్, మొదటి సేతి రాజుల సమాధులకు విడిగా టికెట్టు. లోపల దారి ఇరుకు, వెనక జనం తోస్తుంటారు. అందుకే ఏ గోడ మీద ఏముంటుందో ఒక పేజీ గీత బొమ్మ ముందే చేతిలో ఉండాలి. అది లేకపోతే రంగులు బాగున్నాయనుకుంటూ బయటికి వచ్చేస్తారు.

బయల్దేరక ముందు

నేను పట్టుబట్టే నియమం ఒక్కటే: బృందంలో ప్రతి ఒక్కరికీ ఒక చోటు, ఒక ప్రశ్న. రెండు నెలల ముందు పంచేస్తాను. "ఎఫెసస్ గురించి చదువుకురండి" అంటే ఎవరూ చదవరు. "ఎఫెసస్‌కు రేవు ఏమైంది?" అంటే చదువుతారు.

ఈ ప్రశ్న మా బృందంలో ఒక బ్యాంకు ఉద్యోగికి ఇచ్చాను. ఎఫెసస్‌లో అందరూ సెల్సస్ గ్రంథాలయం ముందు గుమిగూడతారు. దాని ముందుగోడ 1970ల్లో ఆస్ట్రియా పురావస్తు శాస్త్రవేత్తలు పడిపోయిన రాళ్లు ఏరి తిరిగి నిలబెట్టింది. ఆయన మాత్రం మమ్మల్ని పెద్ద నాటకశాల పై మెట్లకు ఎక్కించాడు. ఇరవై నాలుగు, ఇరవై అయిదు వేలమంది పట్టే చోటు అది. ఎక్కేసరికి అందరికీ ఆయాసం. "ఇప్పుడు ఎదురుగా చూడండి" అన్నాడు. నాటకశాల కింది నుంచి పడమరకు అరకిలోమీటరు పొడవున తిన్నటి పాలరాతి వీధి. అర్కాడియస్ చక్రవర్తి పేరున్న వీధి, రాత్రిళ్లు దీపాలు వెలిగేవట. ఆ వీధి చివర రేవు ఉండాలి. ఉన్నది రెల్లు గడ్డి, ఆ వెనక పొలాలు. సముద్రం ఐదారు కిలోమీటర్ల అవతల ఎక్కడో.

"నది," అన్నాడాయన. "పక్కనున్న కేస్టర్ నది ఏటేటా ఒండ్రు తెచ్చి పోసింది. తవ్వారు, మళ్లీ పూడింది, మళ్లీ తవ్వారు. చివరికి ఓడలు రావడం మానేశాయి. ఓడలు రాకపోతే ఊరెందుకు?" అంతే, కూర్చున్నాడు. ఎవరూ ఫోను తీయలేదు. ఆ పది నిమిషాల కోసం ఆయన రెండు నెలలు చదివాడు, మిగతావాళ్లకు ఎఫెసస్ ఆ వీధితోనే గుర్తుంది.

పిల్లలకు చదవమని ఇవ్వకండి, వెతకమని ఇవ్వండి. లక్సర్ పడమటి ఒడ్డున హత్‌షెప్సుత్ రాణి గుడిలో పుంట్ దేశానికి వెళ్లిన ఓడల శిల్పాలున్నాయి. ఓడల కింద నీళ్లలో చేపలు చెక్కారు, గుర్తుపట్టేంత వివరంగా. వేళ్లతో సహా బుట్టల్లో పెట్టి చెట్లను మోసుకొస్తున్న మనుషులున్నారు. "చేపలు ఎక్కడున్నాయో, చెట్టు ఎక్కడుందో కనిపెట్టండి" అంటే పిల్లలు అరగంట గోడకు అతుక్కుపోతారు. మూడున్నర వేల ఏళ్ల కిందటి ఓడ ప్రయాణపు రికార్డు అది. ఓడలో వెళ్తున్న పిల్లలకు దాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు.

కాగితాల పని క్లుప్తంగా. షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) మీద వెళ్లేవాళ్లు మల్టిపుల్ ఎంట్రీ తీసుకోవాలి. ఇటలీలో ఎక్కి, టర్కీలో దిగి, మళ్లీ గ్రీసుకు వస్తే అది రెండో ప్రవేశం కింద లెక్క. అక్రోపోలిస్‌కు ఇప్పుడు వేళల ప్రకారం టికెట్లు, రోజుకు 20,000 మందే. ఇటలీలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన పాంపే నగరానికి 2024 నవంబరు నుంచి అదే పరిమితి, టికెట్టు మీద పేరు కూడా ఉండాలి. బృందంలో చివరి నిమిషంలో మనుషులు మారితే ఇక్కడే ఇరుక్కుంటారు. సెలవు రోజులూ చూసుకోండి: ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియం సోమవారం మూసేస్తారు, మీ ఓడ సోమవారం ఆగుతుంటే అంతే సంగతులు. ప్రయాణ బీమా అందరికీ ఉండాలి, అందులో వాదన లేదు. కడుపులో తిప్పే గుణం ఉన్నవాళ్లు కింది అంతస్తులో, ఓడ నడిమధ్యన కేబిన్ అడగాలి. ఊపు అక్కడ తక్కువ. నైలు మీద ఆ బాధే లేదు.

దిగాక

ఓడవాళ్లు పెట్టే బస్సు ఖరీదెక్కువ, అయినా దూరపు రేవుల్లో అదే ఎక్కండి. వాళ్ల బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీరు సొంతంగా మాట్లాడుకున్న బండి ఆలస్యమైతే ఓడ ఆగదు, మీరే వచ్చే రేవుకు చేరుకోవాలి. నడక దూరంలో ఉన్న రేవుల్లో మాత్రం సొంత ఏర్పాటే మేలు.

బృందం ఇరవై మంది దాటితే రెండు జట్లు చేయండి. అంతకు మించితే చివరున్నవాళ్లు గైడు మాట వినలేరు, విననివాళ్లు కబుర్లలో పడతారు. చెవిలో పెట్టుకునే రిసీవర్లు ఇస్తే మంచిదే, కానీ వాటితో ఓ ఇబ్బంది ఉంది. మాట వినిపిస్తోంది కదా అని జనం ఎటో నడిచిపోతారు, గైడు చూపిస్తున్న రాయి మాత్రం చూడరు. మేం జంటలు కడతాం. ప్రతివాళ్లూ తమ జంట కనిపిస్తోందా లేదా అన్నదొక్కటే చూసుకోవాలి, తలలు లెక్కపెట్టే పని తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ముందే చెప్పాలి: ఎక్కడ మెట్లున్నాయి, ఎక్కడ కూర్చునే చోటుంది, ఏది బయటి నుంచి చూసినా సరిపోతుంది.

ఇంకో నియమం పెట్టుకున్నాం. కొత్త చోటికి వెళ్లిన మొదటి ఐదు నిమిషాలు కెమెరా బయటికి రాకూడదు. మొదట్లో గొణుగుతారు, తర్వాత అలవాటైపోతుంది.

సాయంత్రాలు

భోజనానికి ముందు అరగంట డెక్ మీద కూర్చుంటాం. గైడు చెప్పింది అప్పజెప్పడం నిషేధం. ఎవరికి వాళ్లు తమ కళ్లతో చూసింది ఒక్కటి చెప్పాలి. నైలు ఒడ్డున కోమ్ ఓంబో గుడి చూసిన సాయంత్రం ఒక అమ్మాయి "అక్కడ అన్నీ రెండేసి ఉన్నాయి, ఎందుకని?" అంది. నిజమే, ఆ గుడికి రెండు ద్వారాలు, రెండు గర్భగుళ్లు. ఒకవైపు మొసలి దేవుడు సోబెక్‌కు, రెండోవైపు డేగ రూపపు పెద్ద హోరస్‌కు. మాలో సగంమంది పెద్దవాళ్లు దాన్ని గమనించనే లేదు, మొసలి మమ్మీల మ్యూజియం దగ్గరే ఆగిపోయారు.

నైలు ప్రయాణంలో డెక్ రెయిలింగుకు ఒక తాడు కట్టి, చూసిన ప్రతి గుడికీ ఒక కాగితం రాసి బట్టల క్లిప్పుతో తగిలిస్తాం. కాలం ప్రకారం, దూరాలు సరిగ్గా కొలిచి. గిజా పెద్ద పిరమిడ్ క్రీ.పూ. 2560 ప్రాంతం, అది తాడుకు ఒక కొస. రెండో కొస మనం ఉన్న ఈ రోజు. హత్‌షెప్సుత్ క్రీ.పూ. 15వ శతాబ్దం, 134 స్తంభాల కర్నాక్ మంటపం క్రీ.పూ. 13వ శతాబ్దం. ఎడ్ఫు గుడి పని క్రీ.పూ. 237లో మొదలై 57లో ముగిసింది. ఎడ్ఫు కాగితం తగిలించాక అందరూ ఆగి చూస్తారు. ఎందుకంటే అది తాడు మధ్యలో పడుతుంది. ఎడ్ఫు కట్టినవాళ్లకు పిరమిడ్ ఎంత పాతదో, మనకు ఎడ్ఫు ఇంచుమించు అంత పాతది. "ప్రాచీన ఈజిప్టు" అని ఒకే ముద్దగా అనుకున్నదంతా అక్కడ విడిపోతుంది. చివరి కాగితం అస్వాన్ దగ్గరి ఫిలే గుడి: తేదీ ఉన్న చిట్టచివరి చిత్రలిపి శాసనం ఆ గోడ మీదే ఉంది, క్రీ.శ. 394 ఆగస్టు 24. ఆనకట్టల నీళ్ల నుంచి కాపాడటానికి ఆ గుడిని 1972, 1980 మధ్య రాయి రాయి విడదీసి పక్కనున్న అగిల్కియా ద్వీపానికి మార్చారు కాబట్టి మా పిల్లలు ఫిలేకి రెండు కాగితాలు తగిలించారు.

ఎస్నా లాకు దగ్గర ఓడలు వరసలో ఆగిపోతాయి, ఒక్కోసారి గంటల తరబడి. పడవల్లో వచ్చిన చిరువ్యాపారులు కింది నుంచి డెక్ మీదికి సంచులు విసిరి బేరాలాడతారు. ఆ హడావిడి అయ్యాక ఉపన్యాసం పెట్టుకోండి, మధ్యలో వద్దు. అబూ సింబెల్ చూసే రోజుకు ముందు రాత్రి మాత్రం ఏమీ పెట్టకండి. అస్వాన్ నుంచి 280 కిలోమీటర్లు, తెల్లవారుజామునే బస్సు. 1964, 1968 మధ్య ఆ కొండగుళ్లను కోసి 65 మీటర్లు పైకి ఎత్తిన కథ బస్సులో వెళ్తూ చెప్పుకోవచ్చు, మెలకువగా ఉన్నవాళ్లకు.

దిగే ముందురోజు రాత్రి పెద్ద ఓడల్లో పెట్టెలు కేబిన్ బయట పెట్టమంటారు. పొద్దున రేవులోనే మళ్లీ కనబడతాయి. మందులు, పాస్‌పోర్టు, మర్నాడు కట్టుకునే బట్టలు, ప్రయాణమంతా రాసుకున్న నోటు పుస్తకం చేతిసంచిలోనే ఉంచుకోండి. తిరుగు విమానం ఆ పూటకే పెట్టుకోకండి. ఓడ గంట ఆలస్యంగా రేవుకు చేరినా బృందం మొత్తం ఎయిర్‌పోర్టుకు పరుగెత్తాల్సి వస్తుంది.